వాషింగ్టన్ మంచివాడా అని పిల్లలు అడిగితే

ఫిబ్రవరి మూడో సోమవారం అమెరికాలో ప్రెసిడెంట్స్ డే. ఆ నెల వచ్చిందంటే అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల పిల్లలకి తలా ఒక మాజీ అధ్యక్షుణ్ని పంచుతారు. పిల్లలు పుస్తకాలు చదివి, అట్ట మీద బొమ్మలు అంటించి, నాలుగు వాక్యాలు రాసుకెళ్లాలి. కొన్ని బళ్లలో అయితే ఆ అధ్యక్షుడి వేషం కట్టుకుని మైనపు బొమ్మలా కదలకుండా నిలబడి, చూడవచ్చినవాళ్లు అడిగినప్పుడు ఆయన కథ చెప్పాలి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇళ్లలో ఆ వారమంతా భోజనాల దగ్గర ఇవే ప్రశ్నలు. "అమ్మా, వాషింగ్టన్ మంచివాడా?" "నాన్నా, లింకన్ గొప్పా, వాషింగ్టన్ గొప్పా?" ఫోన్లో తాతయ్యనీ అమ్మమ్మనీ కూడా అడుగుతారు.

ఒక్క ముక్కలో జవాబు చెప్పేసి కంచాలు తీసెయ్యాలనిపించడం సహజం. రోజంతా పనిచేసి అలసిపోయి ఉంటాం. అయినా దయచేసి అలా తేల్చెయ్యకండి. ఒక మనిషిలోని బలాన్నీ లోపాన్నీ కలిపి చూడడం పిల్లలు నేర్చుకునేది ఇలాంటి కబుర్లలోనే. ఎప్పుడో పోయిన అధ్యక్షుడి తప్పుల గురించి అమ్మానాన్నలు ఎలా మాట్లాడుతున్నారో పిల్లలు వింటూ ఉంటారు. రేపు తాము తప్పు చేస్తే ఇంట్లో ఏం జరుగుతుందో అందులోంచే అంచనా వేసుకుంటారు. అందుకే దీన్ని చరిత్ర టీచరుకి వదిలేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

మొదట ర్యాంకుల సంగతి. మన ఇళ్లలో ర్యాంకు అన్న మాటకి ఎంత బరువుందో చెప్పక్కర్లేదు. అమెరికా చరిత్రకారులు కూడా తమ అధ్యక్షులకి ర్యాంకులు ఇస్తూనే ఉన్నారు. 1948లో ఆర్థర్ ష్లెసింజర్ సీనియర్ అనే ఆచార్యుడు 55 మంది పండితుల్ని అడిగి, లైఫ్ పత్రికలో మొదటి పట్టిక వేశాడు. అందులో యులిసిస్ గ్రాంట్‌ది అట్టడుగు నుంచి రెండో స్థానం. సీ-స్పాన్ అనే టీవీ సంస్థ 2021లో అడిగినప్పుడు అదే గ్రాంట్‌కి 20వ స్థానం వచ్చింది. ఐసెన్‌హోవర్‌ని 1962లో ఇరవై దాటిన స్థానంలో పెట్టారు, 2021లో ఐదో స్థానంలో పెట్టారు. ఈ మధ్యలో వాళ్లిద్దరూ కొత్తగా చేసిందేమీ లేదు. లెక్క వేసేవాళ్ల కళ్లు మారాయి. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి ప్రజల ఓటు హక్కు కోసం గ్రాంట్ చేసిన పని 1948 నాటి పండితుల్లో చాలామందికి పెద్ద విషయంగా తోచలేదు. ఈనాటి వాళ్లకి తోచింది.

ఈ ఒక్క సంగతి పదేళ్లు దాటిన పిల్లలకి చెప్పి చూడండి, కళ్లు పెద్దవి చేస్తారు. ర్యాంకు ఇచ్చిన చెయ్యి ఎవరిదో చూడాలని తెలియడం వాళ్లకి కొత్త. ఆ సీ-స్పాన్ సర్వేలోనే పది అంశాలకి విడివిడిగా మార్కులు వేస్తారు. సంక్షోభంలో నాయకత్వం, ఆర్థిక నిర్వహణ, నైతిక స్థాయి, విదేశీ సంబంధాలు, చట్టసభతో వ్యవహారం, అందరికీ సమాన న్యాయం కోసం చేసిన ప్రయత్నం, ఇలా. మొత్తం కూడిన అంకెని చేత్తో మూసేసి ఆ పదీ చూపించండి. చట్టసభ చేత పని చేయించుకోవడంలో, సమాన న్యాయంలో లిండన్ జాన్సన్ పై వరసలో ఉంటాడు, విదేశీ సంబంధాల్లో అడుగు వరసకి జారిపోతాడు. మనిషి ఉండేది ఆ తేడాలోనే. కూడేస్తే కనపడకుండా పోతాడు.

ఇక చిన్నపిల్లల విషయం. ఏడెనిమిదేళ్ల వాళ్లకి వాషింగ్టన్ గురించి ముందుగా చేరేది చెర్రీ చెట్టు కథ. నాన్న పెంచుకున్న చెట్టుని గొడ్డలితో గాయపరచి, అడగ్గానే నిజం ఒప్పుకున్నాడని. వాషింగ్టన్ పోయాక మేసన్ వీమ్స్ అనే మతబోధకుడు, పుస్తకాలు అమ్ముకునే ఆయన, తాను రాసిన జీవిత చరిత్ర 1806 కూర్పులో చేర్చిన కల్పన అది. నిజం చెప్పడం నేర్పడానికి జరగని కథ వాడడం నాకు నచ్చదు. అవసరం కూడా లేదు, ఎందుకంటే జరిగినదే అంతకంటే బాగుంటుంది. 1783 డిసెంబరులో, యుద్ధం గెలిచిన సేనాధిపతిగా వాషింగ్టన్ అన్నపొలిస్ పట్నంలో కాంగ్రెసు ముందు నిలబడి, తన పదవిని తిరిగి వాళ్ల చేతికిచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. సైన్యం తన వెనక ఉంది, కావాలంటే అధికారం అట్టే పెట్టుకునేవాడు. అధ్యక్షుడయ్యాక కూడా రెండు విడతలు చేసి 1797లో దిగిపోయాడు. రెండుసార్లకి మించి ఎన్నిక కాకూడదన్న నియమం అప్పుడు రాజ్యాంగంలో లేదు, అది 1951లో వచ్చింది. తన వంతు అయ్యాక ఉయ్యాల దిగడం ఎంత కష్టమో ఏడేళ్ల బిడ్డకి బాగా తెలుసు. అక్కడినుంచి వాషింగ్టన్ బలం చెప్పండి, అర్థమవుతుంది.

అదే బిడ్డకి రెండో సగం కూడా చెప్పాలి. వాషింగ్టన్ పదకొండేళ్ల వయసులో తండ్రి పోయినప్పుడే పదిమంది బానిసలకి యజమాని అయ్యాడు. 1799లో ఆయన పోయేనాటికి మౌంట్ వెర్నన్ ఎస్టేటులో 317 మంది బానిసలున్నారు. అంకె చెబితే చిన్నపిల్లల మనసుకి అందదు. ఒక్క మనిషి గురించి చెప్పండి. ఓనా జడ్జ్ అనే అమ్మాయి వాషింగ్టన్ భార్య మార్తాకి దగ్గరుండి సేవలు చేసేది, మంచి కుట్టుపనిమంతురాలు. అప్పట్లో రాజధాని ఫిలడెల్ఫియా. ఆ ఊరున్న పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ప్రకారం, బయటి రాష్ట్రపు యజమాని తెచ్చుకున్న బానిస ఆ నేల మీద ఆరు నెలలుంటే స్వేచ్ఛ పొందవచ్చు. అది తెలిసిన వాషింగ్టన్ ఆరు నెలలు నిండకముందే తన మనుషుల్ని రాష్ట్రం దాటించి మళ్లీ తెప్పించేవాడు. మార్తా తన మనవరాలి పెళ్లికి ఓనాని కానుకగా ఇవ్వాలనుకుంది. ఆ సంగతి తెలిసి ఓనా 1796లో, ఇంట్లోవాళ్లు భోజనం చేస్తున్న వేళ బయటికి నడిచి, ఓడెక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. దేశాధ్యక్షుడు మనుషుల్ని పంపి ఆమెని వెనక్కి రప్పించాలని ప్రయత్నించాడు. ఆమె వెళ్లలేదు. అక్కడే పెళ్లి చేసుకుని, చదవడం నేర్చుకుని, 1848 దాకా బతికింది.

ఇది పసిపిల్లలకి చెప్పే కథేనా అని కొందరు తల్లులు వెనకాడతారు. చెప్పవచ్చు. కొరడాలూ నెత్తురూ వర్ణించనక్కర్లేదు. ఆమెకి జీతం లేదు, వెళ్లిపోయే హక్కు లేదు, ఆమెని వేరే వాళ్లకి బహుమతిగా ఇచ్చెయ్యబోయారు, అందుకని వెళ్లిపోయింది. అంతే. పిల్లలకి న్యాయం అన్యాయం మనకంటే త్వరగా తెలుస్తాయి. వాషింగ్టన్ తన సొంత బానిసలు 123 మందిని, భార్య పోయాక విడిచిపెట్టాలని వీలునామా రాశాడనీ, మార్తా ఆయన పోయిన ఏడాదికి, 1801 జనవరి 1నే, వాళ్లని విడుదల చేసిందనీ కూడా చెప్పండి. మార్తా వైపు ఆస్తిగా వచ్చిన మిగతా వాళ్లలో చాలామంది ఆమె వైపు వారసులకే పంపకమయ్యారనీ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే, దాచినది పెద్దయ్యాక దొరుకుతుంది. అప్పుడు పిల్లలకి నమ్మకం పోయేది వాషింగ్టన్ మీద కాదు, మన మీద.

ఇక్కడే ఒక మాట మన నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది. "ఆ కాలం అలాంటిది నాన్నా." అందులో నిజముంది. కానీ అక్కడితో ఆపితే ఆ కాలంలోనే కాదన్నవాళ్లని మనం చరిత్రలోంచి తీసేసినట్టే. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ జీవితంలో ఒక్క బానిసని కూడా ఉంచుకోలేదు. వర్జీనియాలో రాబర్ట్ కార్టర్ అనే భూస్వామి 1791లో పత్రం రాసి దాదాపు 500 మంది బానిసల్ని విడిపించే పని మొదలుపెట్టాడు. వాషింగ్టన్‌ది అదే రాష్ట్రం, అదే కాలం. స్వయంగా ఓనా జడ్జ్‌ది కూడా అదే కాలం కదా. ఆమె అభిప్రాయం ఏమిటో ఆమె నడకే చెప్పింది. కాబట్టి "ఆ కాలంలో ఎవరేమన్నారు, ఎవరి మాట ఎవరు విన్నారు" అని అడగమనండి. అలాగని ఆడమ్స్‌ని మచ్చలేని వాడిగా నిలబెట్టకండి. ప్రభుత్వాన్ని విమర్శించిన పత్రికలవాళ్లని జైలుకి పంపిన 1798 నాటి చట్టం మీద సంతకం ఆయనదే.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విషయంలోనూ ఇదే పరీక్ష పనికొస్తుంది. 1942 ఫిబ్రవరి 19న ఆయన పెట్టిన సంతకంతో పశ్చిమ తీరంలోని జపాను మూలాలున్న సుమారు 1,20,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. యుద్ధ భయంలో అందరూ అలాగే ఆలోచించారని అనడానికి లేదు. ఆయన సొంత అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ వద్దన్నాడు. కొలరాడో గవర్నర్ రాల్ఫ్ కార్ బహిరంగంగా ఆ కుటుంబాల పక్షాన నిలబడ్డాడు. 1988లో రీగన్ సంతకం చేసిన చట్టంతో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. బయటినుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలకి ఈ కథ తప్పకుండా తెలియాలి. నెమ్మదిగా, భయపెట్టకుండా చెప్పండి. మనల్నీ అలా చేస్తారా అని అడుగుతారు. అడిగితే దగ్గరికి తీసుకోండి. ఆ శిబిరాల తప్పుని దేశమే ఒప్పుకుందని, కాదన్నవాళ్లు అప్పుడూ ఉన్నారని చెప్పండి.

రూజ్‌వెల్ట్ గురించే ఇంకో మాట. 39వ ఏట పోలియో వచ్చి ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి. తర్వాత నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలిచాడు. చక్రాల కుర్చీ ప్రజలకి కనపడకుండా జాగ్రత్తపడ్డాడు. వాషింగ్టన్ నగరంలో ఆయన స్మారకం 1997లో తెరిచినప్పుడు అక్కడి పెద్ద విగ్రహంలో కుర్చీ ఒక అంగీ కింద దాదాపు దాగిపోయింది. దివ్యాంగుల సంఘాలు పట్టుబట్టి, విరాళాలు పోగుచేసి, చక్రాల కుర్చీలో కూర్చున్న విగ్రహాన్ని 2001లో చేర్పించాయి. మీ ఇంట్లో వినికిడి యంత్రం పెట్టుకునే బిడ్డ ఉన్నా, నడవలేని బిడ్డ ఉన్నా, ఆ రెండో విగ్రహం దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని అందరి ఎదుటా నిలబెట్టడం కోసం అడిగినవాళ్లున్నారని బిడ్డకి తెలియనివ్వండి.

లింకన్ దగ్గరికొచ్చేసరికి మనం ఆగి, గోడల మీద ఉన్నవి కొన్ని సరిచూసుకోవాలి. కొడుకు చదివే బడి ప్రధానోపాధ్యాయుడికి లింకన్ రాశాడంటూ ఒక ఉత్తరం మన బళ్ల గోడల మీదా, వార్షికోత్సవ ప్రసంగాల్లోనూ ఎన్ని దశాబ్దాలుగానో తిరుగుతోంది. మాటలు మంచివే. కానీ లింకన్ రచనలన్నీ పోగుచేసి అచ్చువేసిన సంపుటాల్లో అది లేదు, ఆయన రాశాడనడానికి ఏ ఆధారమూ దొరకలేదు. అలాగే వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో కనపడే లింకన్ ఓటముల జాబితా. ఫలానా ఏడు ఓడాడు, ఫలానా ఏడు వ్యాపారం మునిగింది, మళ్లీ ఓడాడు, చివరికి 1860లో అధ్యక్షుడయ్యాడు అని. ఆ ఓటముల్లో చాలావరకు నిజమే. కానీ మధ్యలో గెలిచినవన్నీ వదిలేశారు. ఇలినాయ్ శాసనసభకి వరసగా నాలుగుసార్లు ఎన్నికయ్యాడు, 1846లో కాంగ్రెసుకి గెలిచాడు, రైల్వే కంపెనీలు వెతుక్కుంటూ వచ్చే పేరున్న లాయరయ్యాడు. పరీక్షలో తప్పిన బిడ్డకి ధైర్యం చెప్పాలనే మనం ఆ జాబితా చూపిస్తాం. బిడ్డకి మాత్రం చివర్లో అధ్యక్షుడైతే తప్ప ఆ ఓటమికి అర్థం లేదన్న మాటే మిగులుతుంది. ఓడిన రోజున బిడ్డకి మీరు చాలు. లింకన్ అక్కర్లేదు.

లింకన్ నిజంగా రాసిన ఒక ఉత్తరం గురించి తల్లిదండ్రులకే చెప్పాలని ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులైలో గెటిస్‌బర్గ్ దగ్గర గెలిచాక సేనాని మీడ్, ఓడి వెనక్కిపోతున్న శత్రుసైన్యాన్ని తరిమి పట్టుకోలేదు. పట్టుకుంటే యుద్ధం ముగిసేదని లింకన్‌కి గట్టి బాధ. కూర్చుని మీడ్‌కి ఒక ఘాటైన ఉత్తరం రాశాడు. తర్వాత దాన్ని కవరులో పెట్టి, పంపలేదు, సంతకం చెయ్యలేదు అని పైన రాసి, దాచేశాడు.

1950 డిసెంబరులో మరో అధ్యక్షుడు ట్రూమన్ మరో ఉత్తరం రాశాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు మార్గరెట్ గాయని. ఆమె కచేరీ బాగాలేదని వాషింగ్టన్ పోస్ట్ విమర్శకుడు పాల్ హ్యూమ్ రాశాడు. ట్రూమన్‌కి అవి చాలా గడ్డు రోజులు. కొరియా యుద్ధం ఎదురు తిరిగింది, చిన్ననాటి స్నేహితుడు, తన పత్రికా కార్యదర్శి, కచేరీ రోజే హఠాత్తుగా పోయాడు. తండ్రి కోపం ఆగలేదు. ఎదురుపడితే ముక్కు పగులుతుందన్న అర్థంలో ఉత్తరం రాసి, పోస్టు చేసేశాడు. అది పేపర్లకెక్కింది. కొరియాలో కొడుకుని పోగొట్టుకున్న ఒక అమెరికన్ దంపతులు, కొడుకుకి వచ్చిన పతకాన్ని తిప్పిపంపుతూ ట్రూమన్‌కి ఒక చిన్న ఉత్తరం రాశారు. మా అబ్బాయికి జరిగినదే మీ అమ్మాయికీ జరగలేదే అన్నంత చేదు ఉంది అందులో. ట్రూమన్ పోయాక ఆ ఉత్తరం ఆయన బల్ల సొరుగులో దొరికింది. ఏళ్ల తరబడి దగ్గరే పెట్టుకున్నాడు.

ఈ రెండు ఉత్తరాల్నీ పక్కపక్కన పెట్టి లింకన్ గొప్ప, ట్రూమన్ తక్కువ అని తేల్చడం నాకిష్టం లేదు. కూతుర్ని వెనకేసుకొచ్చిన ఆ మనిషే 1948లో సైన్యంలో జాతి వివక్ష ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు, ఎన్నికల ఏడాదిలో తన పార్టీ చీలిపోతున్నా వెనక్కి తగ్గలేదు. హిరోషిమా, నాగసాకి మీద బాంబులు వేయించిందీ ఆయనే. లింకన్ కూడా, ఉత్తరం ఆపుకోగలిగిన అదే చేత్తో, విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించే అధికారం తీసుకున్నాడు. 1862 డిసెంబరు 26న మిన్నెసోటాలో 38 మంది డకోటా మూలవాసుల్ని ఒకేసారి ఉరితీసింది ఆయన ఆమోదంతోనే. అక్కడి సైనిక కోర్టు 303 మందికి ఉరిశిక్ష వేసింది. లింకన్ ఒక్కొక్కరి కాగితాలూ తెప్పించి, మిగతావాళ్లని ఆ ఉరినుంచి తప్పించాడు. 265 మందిని కాపాడాడని చెప్పాలా, 38 మందిని ఉరితీయించాడని చెప్పాలా? హైస్కూలు పిల్లల్ని ఈ ప్రశ్నతో కాసేపు ఉండనివ్వండి. జవాబు మీరు ముందే ఇచ్చెయ్యకండి.

నాకు లింకన్‌లో అన్నిటికంటే పెద్ద బలంగా కనపడేది ఆయన మారడం. 1862 ఆగస్టులో నల్లజాతి పెద్దల్ని వైట్‌హౌస్‌కి పిలిచి, మీరు వేరే దేశం వెళ్లి స్థిరపడితే అందరికీ మంచిదన్నాడు. 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన ఇచ్చాడు. 1865 ఏప్రిల్ 11న, తన ఆఖరి ప్రసంగంలో, నల్లజాతి సైనికులకీ చదువుకున్నవాళ్లకీ ఓటుండాలన్నాడు. మూడు రోజులకి కాల్చేశారు. మూడేళ్లలో అంత దూరం ఆయన ఒక్కడే నడవలేదు. నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి వాళ్లు ముఖం మీదే విమర్శించారు, నల్లజాతి సైనికులు యుద్ధంలో ప్రాణాలిచ్చారు. పెద్దవాళ్లు మనసు మార్చుకోవచ్చని, అది ఓటమి కాదని పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు లిండన్ జాన్సన్. అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఈయనతో లెక్క ఉంది, ఆ సంగతి చాలామంది ఇళ్లలో ఎవరూ చెప్పుకోరు. 1946 చట్టం ప్రకారం భారతీయులకి ఏడాదికి 100 మందికే అక్కడ స్థిరపడే వీలుండేది. ఏ దేశంలో పుట్టారన్నదాన్ని బట్టి కోటా వేసే ఆ పద్ధతిని రద్దుచేసిన చట్టం మీద జాన్సన్ 1965 అక్టోబరు 3న, స్వేచ్ఛా ప్రతిమ దగ్గర సంతకం చేశాడు. ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ల వెనక తోబుట్టువులు వెళ్లగలిగారు. అదే ఏడాది ఓటు హక్కు చట్టం, ముసలివాళ్లకి వైద్య బీమా ఇచ్చే మెడికేర్. ముందు ఏడాది పౌరహక్కుల చట్టం. కుర్రతనంలో, 1928లో, టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాడాయన. ఆకలితో బడికి వచ్చే ఆ పిల్లల్ని మరిచిపోలేదు. ఓటు హక్కు చట్టం కావాలని కాంగ్రెసుని అడిగిన 1965 మార్చి ప్రసంగంలో వాళ్ల గురించి చెప్పాడు.

అదే జాన్సన్ వియత్నాం యుద్ధంలోకి అయిదు లక్షలకి పైగా సైనికుల్ని దింపాడు. యుద్ధం ముగిసేసరికి 58,000 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. చనిపోయిన వియత్నామీయుల లెక్క లక్షల్లో. గెలుస్తామన్న నమ్మకం తనకే లేదని ఆంతరంగికులతో అన్న మాటలు టేపుల్లో ఉన్నాయి. మన దేశంలో 1965, 1966 కరువుల్లో అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చేవి. వాటిని నెలనెలా లెక్కగట్టి, ఆచితూచి వదిలాడు జాన్సన్. వ్యవసాయ విధానం మార్చుకోవాలని ఒత్తిడి చెయ్యడం ఒక కారణం. వియత్నాం విషయంలో మనవాళ్ల విమర్శ నచ్చకపోవడం ఇంకో కారణం. ఆకలితో ఉన్న దేశంతో బేరం అది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే రేషన్లో వచ్చిన ఆ గోధుమల రోజులు అడగమని పిల్లలకి చెప్పండి.

జాన్సన్ గురించి పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను గట్టిగా కోరేది ఒకటే. మంచిలోంచి చెడుని తీసివేసి మిగిలింది చెప్పకండి. అలబామాలో మొదటిసారి ఓటు వేసిన ముసలావిడకి జరిగిన మేలు, వియత్నాంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి దుఃఖంలోంచి తీసివెయ్యడానికి కుదరదు. మేలు పొందినవాళ్లు వేరు, నష్టపోయినవాళ్లు వేరు. రెండు నిజాలూ పూర్తిగానే ఉంటాయి. "ఆయన ఇది చేశాడు, వీళ్లు బాగుపడ్డారు. అది కూడా చేశాడు, వాళ్లు నాశనమయ్యారు" అని మధ్యలో "కానీ" పెట్టకుండా చెప్పడం పిల్లలకి అలవాటు చెయ్యండి. "కానీ" తర్వాత వచ్చినది ముందు చెప్పినదాన్ని మింగేస్తుంది. ఇదే మాట మీ అమ్మాయి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడు కూడా గుర్తుంచుకోండి. "చదువులో చురుకే కానీ ఒట్టి మొండి" అని పక్కింటావిడతో అంటుంటే, గదిలోంచి వింటున్న ఆ పిల్లకి రెండో సగమే చేరుతుంది.

నిక్సన్ గురించి తాతయ్యలకి గట్టి అభిప్రాయం ఉంటుంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పాకిస్తాన్ పక్షం వహించి, బంగాళాఖాతంలోకి విమానవాహక నౌకని పంపినవాడు. మనవరాలికి అది చెప్పనివ్వండి. ఆ మనవరాలు బళ్లో సాకర్ ఆడుతోందంటే, ఆడపిల్లలకి సమాన అవకాశమివ్వాలన్న 1972 చట్టం వల్లనని, దాని మీద సంతకం నిక్సన్‌దేనని ఆ పిల్ల తాతయ్యకి చెప్పవచ్చు. ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పనిచేసింది చట్టసభలోని ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్ లాంటి మహిళలని కూడా. అధ్యక్షుడి పేరున రాసే మంచీ చెడూ రెండిట్లోనూ వేరేవాళ్ల చేతులుంటాయి.

జిమ్మీ కార్టర్‌నీ హెర్బర్ట్ హూవర్‌నీ కలిపి చదివిస్తే బాగుంటుంది. తొమ్మిదేళ్లకే తల్లీతండ్రీ లేని హూవర్ మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం ప్రజలకి తిండి చేర్చి లోకం మెప్పు పొందాడు. అధ్యక్షుడయ్యాక మహా మాంద్యం ముందు చేతులాడలేదు. కార్టర్ కథ తిరగేసినట్టుంటుంది. 1980లో ఘోరంగా ఓడి ఇంటికి చేరి, తర్వాత నాలుగు దశాబ్దాలు రోగాల మీద, శాంతి చర్చల మీద పనిచేశాడు. 1986లో ఏటా సుమారు 35 లక్షల మందికి వచ్చే నారి కురుపు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఇరవై కేసుల లోపే. మన దేశంలో 1996 తర్వాత లేదు. ఆయన తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో బొంబాయి దగ్గర విక్రోలికి వచ్చి నర్సుగా సేవ చేసిందంటే పిల్లలు నమ్మరు. పదవిలో తడబడడమూ, మనిషిగా నిలబడడమూ ఒకరిలోనే ఉంటాయని వీళ్లిద్దర్నీ చూస్తే తెలుస్తుంది.

ఈమధ్య పదవి దిగినవాళ్ల సంగతి కాస్త జాగ్రత్తగా నడిపించాలి. క్లింటన్ 2000 మార్చిలో, చిన్న బుష్ 2006 మార్చిలో హైదరాబాదు వచ్చారు, ఆ ఫొటోలు చూసిన అభిమానం మనకి ఉండవచ్చు. ఇరాక్ యుద్ధం మొదలుపెట్టిన ఏడాదే, 2003లో, ఆఫ్రికాలో ఎయిడ్స్ మందులకి భారీ పథకం తెచ్చింది కూడా బుష్షే. అధ్యక్షుల కాగితాలు పదవి దిగాక ఐదేళ్లదాకా అడగడానికి వీలుండదు, కొన్ని పన్నెండేళ్లదాకా బయటికి రావు. అంటే దగ్గరివాళ్ల గురించి మనకి తెలిసింది తక్కువ, మన కోపతాపాలు ఎక్కువ. మీ పార్టీ ఏదైనా కానివ్వండి, టీవీ ముందు మీరు పెట్టే ఎగతాళి పేర్లు పిల్లలు మర్నాడు బడికి మోసుకెళ్తారు. పక్క బల్ల మీద కూర్చునే స్నేహితుడి ఇంట్లో ఆ మనిషే ఆరాధ్యుడు కావచ్చు. ఫలానా పని తప్పని మీకనిపిస్తే ఆ పనిని, అది ఎవరికి తగిలిందో దాన్ని చెప్పండి.

చివరికి పిల్లలు మిమ్మల్ని నిలదీస్తారు. "ఇదంతా సరే, నీకెవరంటే ఇష్టం?" అని. తప్పించుకోకండి, ఒక పేరు చెప్పండి, ఆ మనిషి మచ్చతో సహా. నేనైతే గ్రాంట్ పేరు చెబుతాను. 1862 డిసెంబరులో, సేనానిగా, తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందర్నీ వెళ్లగొడుతూ ఉత్తర్వు ఇచ్చాడు. కొన్ని వారాల్లోనే లింకన్ దాన్ని రద్దు చేయించాడు. 1868లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు, ఆలోచించకుండా ఇచ్చిన ఉత్తర్వని గ్రాంట్ ఒప్పుకున్నాడు. అధ్యక్షుడయ్యాక యూదుల్ని ముందెన్నడూ లేనంతగా పదవుల్లో నియమించాడు. 1876లో వాషింగ్టన్‌లో కొత్తగా కట్టిన యూదుల ప్రార్థనాలయం ప్రారంభానికి వెళ్లి కూర్చున్నాడు. నల్లజాతి వాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠా మీద సైన్యాన్ని పంపి, వందలమందిని కోర్టుకి ఈడ్చాడు. స్నేహితుల్ని గుడ్డిగా నమ్మి, తన చుట్టూ విస్కీ పన్ను సొమ్ము దోచుకుంటుంటే పట్టుకోలేకపోయాడు. 1875లో మిసిసిపిలో నల్లజాతి ఓటర్లు సాయం అడిగితే సైన్యం పంపలేదు. దానికి వాళ్లు చాలా పెద్ద మూల్యం చెల్లించారు.

ఈ చివరి విషయం దగ్గర మీ అమ్మాయి నాతో ఒప్పుకోకపోవచ్చు. అలాంటప్పుడు ఎందుకు ఇష్టపడాలి అని అడగవచ్చు. మంచి ప్రశ్న. మీ ఊరి లైబ్రరీలో గ్రాంట్ మీద పుస్తకాలుంటాయి. ఒకటి తెచ్చుకుని ఇద్దరూ కలిసి చదవండి, ఆ పిల్ల తన అభిప్రాయం రాసుకున్నాక మీది చెప్పండి.